బజ్జీల మూకుడు నుంచి లారీ ట్యాంకు దాకా

మహాశివరాత్రి నాడు పొద్దుపోయాక కోటప్పకొండ దిగువన నిలబడితే రెండు వాసనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముక్కుకు తగులుతాయి. ఒకటి మిరపకాయ బజ్జీల మూకుడుది, రెండోది జనరేటర్లది. ఊరూరి నుంచి తరలివచ్చిన ఎనభై, తొంభై అడుగుల విద్యుత్ ప్రభలు తెల్లవార్లూ వెలగాలంటే ఆ జనరేటర్లు తెల్లవార్లూ డీజిల్ తాగాలి. ప్రభను లాక్కొచ్చిన ట్రాక్టరు నడిచేదీ డీజిల్‌తోనే, నరసరావుపేట నుంచి జనాన్ని చేరవేసే బస్సు నడిచేదీ డీజిల్‌తోనే.

రసాయన శాస్త్రం లెక్కలో ఈ రెండు వాసనల మధ్య దూరం చాలా తక్కువ. మూకుడులో మాడి నల్లబడిన నూనెను ఒక చిన్న మార్పుకు గురిచేస్తే అది డీజిల్ ఇంజిన్‌లో చక్కగా మండే ఇంధనమవుతుంది. దాని పేరే బయోడీజిల్. దాన్ని మామూలు డీజిల్‌లో కొంత పాలు కలిపి బండ్లు నడపడం ఇవాళ చాలా దేశాల్లో నిత్యకృత్యం. నూటికి ఐదు పాళ్లు కలిపితే బి5 అంటారు, ఇరవై కలిపితే బి20, ఏమీ కలపని బయోడీజిల్ అయితే బి100.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బంకుల్లో పెట్రోలుకు కలిపేది ఇథనాల్. అది చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి వచ్చే సారాయి జాతి ద్రవం. బయోడీజిల్ నూనె జాతిది. ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి బైకుల వాళ్లు చెప్పుకునే కష్టసుఖాలన్నీ దీనికి అలాగే వర్తించవు. దీని మంచిచెడ్డలు వేరు.

పల్నాడుకు ఈ మంచిచెడ్డలు తెలియడం అవసరం. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లా బతుకు చాలావరకు డీజిల్ చక్రాల మీదే తిరుగుతుంది. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి సిమెంటు, 1958లో మొదలైన మాచర్ల కేసీపీ ఫ్యాక్టరీ బస్తాలు, గుంటూరు యార్డుకు తరలే మిర్చి టిక్కీలు, జిన్నింగ్ మిల్లులకు వెళ్లే పత్తి బోరాలు అన్నీ లారీ ఎక్కాల్సిందే. గురజాల రైతు అచ్చు తోలినా, మందు కొట్టినా ట్రాక్టరు ట్యాంకులో డీజిల్ ఉండాలి. లీటరు ధర రూపాయి పెరిగితే ఆ బరువు మిర్చి టిక్కీ మీదా పడుతుంది, సిమెంటు బస్తా మీదా పడుతుంది.

నిజానికి నూనెతో ఇంజిన్ నడపడం కొత్త ఆలోచన కానే కాదు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. చూసినవాళ్లలో చాలామందికి ఆ తేడాయే తెలియలేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత రాసుకున్నాడు. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి దానితో ఇంజిన్ నడుస్తుందేమో చూడాలన్న ఆసక్తి అప్పటి ఫ్రెంచి ప్రభుత్వానిది. డీజిల్ తన ఇంజిన్‌ను తొలిసారి పరీక్షించి చూసింది 1893 ఆగస్టు 10న. అందుకే ఆగస్టు 10ని మన దేశంలో జీవ ఇంధన దినంగా జరుపుతున్నారు. ఆ రోజే వేరుశనగ నూనె వాడాడని ఏటా పత్రికల్లో వస్తుంటుంది గాని, ఆ నూనె సంగతి ఏడేళ్ల తర్వాతిది.

మరి వేరుశనగ నూనెతో నడిచిన ఇంజిన్‌కు నేరుగా నూనె పోస్తే సరిపోతుంది కదా, ఈ బయోడీజిల్ ఎందుకు? జవాబు నూనె చిక్కదనంలో ఉంది. నలభై డిగ్రీల వేడి దగ్గర కొలిస్తే వంటనూనెలు డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటాయి. ఇంజిన్‌లో నాజిల్ చేసే పనల్లా ఇంధనాన్ని పొగమంచులా చిమ్మడమే. చిక్కటి నూనె పొగమంచులా చిమ్మదు, చినుకులుగా పడుతుంది. చినుకు పూర్తిగా మండదు. మండని భాగం నాజిల్ మూతి చుట్టూ మసిగా పేరుకుంటుంది, కొంత పిస్టన్ పక్కల నుంచి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని జిగురులా మారుస్తుంది. మొదటి పది రోజులు బండి బాగానే నడుస్తుంది. ఆ తర్వాత పికప్ పోతుంది, నాజిల్ పట్టేస్తుంది, ఖర్చు వేలల్లో తేలుతుంది. నూనె చవగ్గా దొరికిందని ట్రాక్టరు ట్యాంకులో నేరుగా పోసిన ప్రతి చోటా జరిగేది ఇదే.

ఈ చిక్కదనాన్ని విరగ్గొట్టే దారిని 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ పేటెంటు చేశాడు. మరుసటి ఏడాదే పామాయిల్‌తో చేసిన ఆ ఇంధనం పోసి బ్రస్సెల్స్, లూవెన్ పట్టణాల మధ్య ప్రయాణికుల బస్సు నడిపారు. అంటే రోడ్డు మీద బయోడీజిల్ బండి వయసు ఎనభై ఐదేళ్లు దాటింది.

ఆ పద్ధతి ఇవాళ ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో విద్యార్థులు ప్రాజెక్టుగా చేసేంత సులువు. నూనె అణువును మూడు తోకలున్న గాలిపటంలా ఊహించుకోవచ్చు. తోకలు మూడూ కొవ్వు ఆమ్లాలు, వాటిని పట్టి ఉంచే ముడి గ్లిజరిన్. లీటరు నూనెను అరవై డిగ్రీల దాకా వేడిచేసి, అందులో కొద్ది గ్రాముల కాస్టిక్ సోడా కరిగించిన మెథనాల్ సుమారు 200 మిల్లీలీటర్లు పోసి గంటసేపు కలియబెడతారు. ముడి ఊడిపోయి ఒక్కో తోకకూ ఒక్కో మెథనాల్ అణువు అతుక్కుంటుంది. గాజు పాత్రను కదపకుండా రాత్రంతా ఉంచితే పొద్దుటికి రెండు పొరలు విడిపోయి కనిపిస్తాయి. అడుగున బెల్లప్పాకం రంగులో చిక్కటి గ్లిజరిన్, పైన లేత పసుపు రంగులో తేటగా బయోడీజిల్. పైపొరను వంచి, నీళ్లతో కడిగి, తేమ లేకుండా ఆరబెడితే ఇంధనం సిద్ధం. లెక్క కూడా గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. వంద కిలోల నూనె, పది కిలోల మెథనాల్ వెళ్తే వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. మెథనాల్ ఎక్కువ పోసినా మిగిలినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఇది ఇంట్లో చేసి చూడాల్సిన ప్రయోగం మాత్రం కాదు. మెథనాల్ కడుపులోకి వెళ్తే చూపు పోతుంది, ప్రాణం కూడా పోతుంది. దాని ఆవిరి నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గుమంటుంది.

వేపుళ్లకు పదేపదే కాచిన నూనెతో ఒక చిక్కుంది. అందులో తోకలు కొన్ని అప్పటికే ఊడి విడి ఆమ్లాలుగా తిరుగుతుంటాయి. కాస్టిక్ సోడా తగలగానే అవి సబ్బుగా మారి మొత్తం పాత్రను నురగ చేస్తాయి. అందుకే అలాంటి నూనెకు ముందు ఆమ్లంతో ఒక విడత, ఆ తర్వాత క్షారంతో ఇంకో విడత పని పెట్టాలి. కానుగ నూనెకూ చాలాసార్లు ఈ రెండు విడతలు తప్పవు. ఖర్చు పెరిగేది ఇక్కడే.

ఇక బండి సంగతి. మాచర్లలోనో పిడుగురాళ్లలోనో లారీ మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న మైలేజీ ఎంత పడిపోతుందని. బయోడీజిల్‌లో బరువులో పదకొండు శాతం దాకా ఆక్సిజనే ఉంటుంది. ఆ మేరకు మండే సరుకు తక్కువ కాబట్టి లీటరుకు వచ్చే శక్తి డీజిల్ కంటే ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గుతుంది. కానీ ఇది బి100కి చెప్పిన మాట. బి20లో తగ్గేది ఒకటి, రెండు శాతమే. లీటరుకు నాలుగు కిలోమీటర్లిచ్చే లారీ 300 లీటర్ల ట్యాంకుతో 1200 కిలోమీటర్లు తిరిగితే, బి20తో ఇరవై కిలోమీటర్ల దాకా తక్కువ రావచ్చు. బి5లో అయితే ఆ తేడాను టైర్లలో గాలి తగ్గడం వల్ల వచ్చే తేడా నుంచి విడదీసి పట్టుకోవడం కూడా కష్టం.

ఆ ఆక్సిజనే పొగను తగ్గిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం బి20 వాడితే పాత తరహా లారీ ఇంజిన్లలో మసి పది శాతం, కార్బన్ మోనాక్సైడ్ పదకొండు శాతం, మండని హైడ్రోకార్బన్లు ఇరవై ఒక్క శాతం తగ్గాయి. నత్రజని ఆక్సైడ్లు రెండు శాతం పెరిగాయి. ఆ రెండు శాతాన్ని కూడా చెప్పుకోవడమే న్యాయం.

మేలు ఇంకొకటుంది. దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు పదికి మించకూడదు. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా కొంత పోతుంది. పంపు, నాజిల్ తమకు కావలసిన తడిని డీజిల్ నుంచే తీసుకుంటాయి కనుక ఆ గుణం తగ్గితే అరుగుదల పెరుగుతుంది. ఒకటి, రెండు శాతం బయోడీజిల్ కలిపితే ఆ జారుడు గుణం తిరిగి వస్తుంది.

పాత బండ్లలో ఎదురయ్యే ఇబ్బందులు తెలిసినవే. బయోడీజిల్ మంచి కరిగించే ద్రవం. పదిహేనేళ్ల లారీ ట్యాంకులో గోడలకు పేరుకున్న మడ్డిని అది ఊడదీసి ఫిల్టరు దాకా మోసుకొస్తుంది. దాంతో మొదటి రెండు, మూడు ట్యాంకులకే ఫిల్టరు మూసుకుపోతుంది. తప్పు ఇంధనానిదని అనుకుంటారు గాని, అది పాత మురికి. ఫిల్టరు ఒకటి అదనంగా మారిస్తే సరిపోతుంది. రబ్బరు గొట్టాలు మాత్రం నిజంగా పాడవుతాయి. మామూలు రబ్బరు ఎక్కువ శాతం బయోడీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. రాగి, ఇత్తడి, జింకు పూత తగిలినా ఇంధనం త్వరగా చెడుతుంది. కొత్త బీఎస్-6 కార్లలో పొగగొట్టం దగ్గరుండే మసి వడపోత పెట్టెను శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడూ అదనంగా ఇంధనం చిమ్ముతుంది. బయోడీజిల్ పాలు ఎక్కువైతే అది ఆవిరి కాకుండా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. చాలా కార్ల కంపెనీలు ఏడు శాతం దగ్గర గీత గీసింది అందుకే.

చలి దేశాల్లో బయోడీజిల్ గడ్డకడుతుందన్న బెంగ ఎక్కువ. పల్నాడుకు ఆ బెంగ లేదు, దానికి ఎదురు బెంగ ఉంది. ఎండాకాలం ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువారుండరు. అలాంటి ఎండలో డ్రమ్ముల్లో నిలవ ఉంచిన బయోడీజిల్ గాలితో కలిసి నూనెలాగే కనరెక్కుతుంది, అడుగున జిగురు కడుతుంది. గాలిలోని తేమను కూడా డీజిల్ కంటే ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. ఆ తేమలో సూక్ష్మజీవులు పెరిగి నాచులాంటి పొర కడతాయి. నిలవ శక్తి కోసం కలిపే మందులున్నాయి. అయినా బి100ని ఐదారు నెలలకు మించి ఉంచకపోవడం మేలు. ఏడాదికి నాలుగు నెలలే పనిచేసి మిగతా కాలం షెడ్డులో నిలబడే పంటకోత యంత్రానికి ఎక్కువ శాతం మిశ్రమం పోసి వదిలేయడం మంచిది కాదు.

ఇంధనం పనిచేస్తుందా అన్నది తేలిపోయిన ప్రశ్న. భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ అడవి ఆముదంతో తయారుచేసిన బయోడీజిల్‌ను పోసుకుని 2004లో మెర్సిడెస్ కారు దేశంలో దాదాపు 5,900 కిలోమీటర్లు తిరిగింది. అంతకు ముందే 2002 డిసెంబరు 31న ఢిల్లీ, అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్ ఐదు శాతం మిశ్రమంతో నడిచింది. తేలని ప్రశ్న ఒక్కటే. అంత నూనె ఎక్కడిది?

ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందట దేశం చెప్పిన జవాబు తప్పయింది. 2003లో ప్రణాళికా సంఘం కోటి హెక్టార్లకు పైగా అడవి ఆముదం వేసి 2011-12 కల్లా డీజిల్‌లో ఇరవై శాతం బయోడీజిల్ కలపాలని లెక్క వేసింది. బీడు భూమిలో నీళ్లు లేకుండా కాసే మొక్క అని ఊరూరా చెప్పారు. బీడు భూమిలో అది బతికింది గాని కాయలేదు. గింజ కొనేవాడు రాలేదు. నమ్మి వేసిన రైతులు మూడు, నాలుగేళ్లు ఎదురుచూసి పీకేశారు. ఈ అనుభవాన్ని మరిచిపోయి మరో అద్భుత మొక్క పేరు ఎవరైనా చెప్పినప్పుడు పల్నాడు రైతు ముందుగా అడగాల్సింది గింజ ఎవరు కొంటారు, ఏ ధరకు, ఎన్నేళ్లు అని.

అదే రోజుల్లో తెలుగు నేల మీద ఒక చిన్న ఊరు ఇంకో దారి చూపింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడలో గోండు మహిళల సంఘం ఇక్రిశాట్ తోడ్పాటుతో కానుగ గింజ ఏరి, నూనె తీసే మర పెట్టుకుంది. ఆ నూనె డీజిల్ స్థానంలో వాడితే తగ్గే కాలుష్యాన్ని లెక్కగట్టి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఆ ఆదాకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము చిన్నదే. కానీ కానుగ గింజకు లోకంలో ఒక ధర పలుకుతుందని అది రుజువు చేసింది.

కానుగ పల్నాడుకు బయటిది కాదు. ఊరి బయట, కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన నీడనిచ్చేది అదే. రొట్ట దమ్ములో తొక్కడానికి దాని కొమ్మలే నరికేవారు. పళ్లు తోమడానికి దాని పుల్లలే విరిచేవారు. కరెంటు రాకముందు దాని నూనె దీపాల్లో వెలిగింది. పశువు తినదు కాబట్టి కంచె అక్కర్లేదు. వేరుకు నత్రజనిని పట్టే బుడిపెలున్నాయి కాబట్టి నేలకు భారం కాదు. నూనె తీశాక మిగిలే చెక్క మంచి ఎరువు. వేసవి ముందు కాయ ఎండి రాలుతుంది. ఆ నూనె చేదు, మనిషి తినేది కాదు. అందువల్ల ఇంధనానికి వాడితే ఎవరి కంచంలోంచీ లాక్కున్నట్టు కాదు.

అయితే లెక్క కూడా వేసుకోవాలి. 300 లీటర్ల లారీ ట్యాంకులో బి5 నింపితే అందులో బయోడీజిల్ 15 లీటర్లు. దానికి సుమారు పద్నాలుగు కిలోల నూనె కావాలి. ఊరి మరలో నాలుగు కిలోల గింజకు కిలో నూనె వస్తుందనుకుంటే గింజ యాభై ఆరు కిలోలు. ఎదిగిన చెట్టు ఏడాదికి పది నుంచి ఇరవై కిలోల గింజ ఇచ్చిందనుకున్నా, ఒక్క ట్యాంకుకు మూడు నుంచి ఆరు చెట్ల ఏడాది కాపు పోతుంది. ఆ ట్యాంకు అయిపోవడానికి లారీకి వారం పట్టదు. కానుగ ఒక్కటే ఈ అవసరం తీర్చలేదని ఈ లెక్క చెబుతుంది. ఉన్న కాయను రోడ్ల మీద టైర్ల కింద నలిగిపోనివ్వకూడదని కూడా ఇదే చెబుతుంది.

పత్తి ఇచ్చే నూనె మరో ఆధారం. దూది తీశాక మిగిలే గింజను గానుగాడితే చెక్క గేదెలకు పోతుంది, నూనె శుద్ధికి పోతుంది. పత్తి గింజల ముడి నూనెలో గాసిపాల్ అనే ముదురు రంగు పదార్థం ఉంటుంది. దాన్ని తీయడానికి క్షారంతో కడిగినప్పుడు అడుగున సబ్బు మడ్డి మిగులుతుంది. దాని నుంచి తీసే యాసిడ్ ఆయిల్ తినడానికి పనికిరాదు, బయోడీజిల్‌కు పనికొస్తుంది. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల్లో దూది, గింజ, నూనె మూడూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి దీని మీద పల్నాడు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి.

అన్నిటికన్నా చేతికి దగ్గరగా ఉన్నది మూకుడే. కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. అది 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టు 10న అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే రూకో పథకం మొదలైంది. మరుసటి ఏడాది చమురు కంపెనీలు వంద నగరాల్లో దానితో చేసిన బయోడీజిల్‌ను మొదటి సంవత్సరం లీటరు 51 రూపాయలకు కొంటామని ముందుకొచ్చాయి. ఇంత జరిగినా చిన్న పట్టణాల్లో నల్లబడిన నూనె ఎక్కడికి పోతోంది? కొంత మురుగు కాలువలోకి. మిగతాది ఇంకా చవకైన తినుబండారాల బండికి, అక్కడి నుంచి పేదవాడి కడుపులోకి. దాన్ని ట్యాంకులోకి మళ్లిస్తే ఇంధనం లాభం తర్వాతి సంగతి, ఆరోగ్యం లాభం ముందుంటుంది.

తయారీకి దూరం వెళ్లనక్కర్లేదు. ముడి పామాయిల్ ఓడలు దిగే కాకినాడలో అమెరికాకు చెందిన ఎమెటిస్ కంపెనీ అనుబంధ సంస్థ యూనివర్సల్ బయోఫ్యూయల్స్ 2008 నుంచి బయోడీజిల్ ఫ్యాక్టరీ నడుపుతోంది, ప్రభుత్వ చమురు కంపెనీలకు సరఫరా చేస్తోంది. 2015 ఆగస్టు 10న దేశంలో బంకుల్లో బి5 అమ్మకం మొదలుపెట్టిన నాలుగు చోట్లలో ఢిల్లీ, హల్దియాలతో పాటు విశాఖపట్నం, విజయవాడ కూడా ఉన్నాయి. విజయవాడ అయితే నరసరావుపేట లారీ గంటన్నర, రెండు గంటల్లో చేరుకునే ఊరే.

ఆ తర్వాత నడక మందగించింది. 2018 జాతీయ విధానం 2030 కల్లా డీజిల్‌లో ఐదు శాతం బయోడీజిల్ ఉండాలంటోంది. ఇప్పటికి ఒక శాతం కూడా దాటలేదు. దేశం ఏటా వాడే డీజిల్ సుమారు తొమ్మిది కోట్ల టన్నులు. అందులో ఐదు శాతమంటే నలభై ఐదు లక్షల టన్నులు. ఇండోనేషియా 2025లో బి40కి, బ్రెజిల్ అదే ఏడాది ఆగస్టులో బి15కి వెళ్లాయి. ఒకరికి పామాయిల్, ఇంకొకరికి సోయా నూనె పుష్కలం. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం. వాళ్లను చూసి వంటనూనెను ఇంజిన్లలో పోయడం మనకు తగని పని.

సరఫరా తక్కువై గిరాకీ ఉన్నచోట దొంగ సరుకు దూరుతుంది. పారిశ్రామిక ద్రావణాలను, నాసిరకం నూనెలను కలిపి 'బయోడీజిల్' బోర్డు పెట్టి అమ్మిన అక్రమ పంపుల మీద గుజరాత్, మహారాష్ట్రల్లో పోలీసులు దాడులు చేశారు. లీటరుకు ఇరవై రూపాయలు తక్కువని పోయించుకున్న లారీకి పంపు, నాజిళ్లు మార్చే ఖర్చు దానికి ఎన్నో రెట్లు అవుతుంది. బి100కి ఐఎస్ 15607 అనే ప్రమాణముంది. మామూలు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ఏడు శాతం దాకా బయోడీజిల్‌ను అనుమతిస్తుంది. ఇరవై శాతం దాకా వెళ్లే మిశ్రమాలకు ఐఎస్ 16531 వేరే ఉంది. రిజిస్ట్రేషన్ లేని చోట, ప్రమాణం పత్రం చూపలేని చోట డబ్బాతో పోసేది ఏదైనా బయోడీజిల్ అనుకోవద్దు.

కాబట్టి లారీ, ట్రాక్టరు, కారు ఉన్నవాళ్లకు ఒక మాట. బండితో వచ్చిన పుస్తకంలో ఇంధనం పేజీ తీసి మీ ఇంజిన్‌కు ఎంత శాతం దాకా అనుమతి ఉందో చూసుకోండి. ఏడు దాకా ఉంటే బంకులో వచ్చే మిశ్రమం గురించి భయం వద్దు. బండి పాతదైతే రబ్బరు గొట్టాలు చూపించుకోండి, ఫిల్టరు ఒకటి దగ్గర ఉంచుకోండి. హోటలు, మిఠాయి కొట్టు, బజ్జీల బండి నడిపేవాళ్లు నల్లబడిన నూనెను కాలువలో పోయకండి, మళ్లీ వంటకు అమ్మకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, నమోదైన సేకరణదారుకే ఇవ్వండి.